పుర్రవాటం చాకు

మా నాన్న అంటు చాకుకు కొత్త పిడి వేయించింది నేనే. ఈ మాట ముందుగా రాయడమే న్యాయమని నాకు తోచింది. తర్వాత జరిగినదానికి కారణాలు వెతికితే చాలా దొరుకుతాయి; వాటిలో ఏదో ఒకదాని చాటున నేను తలదాచుకునే ప్రమాదమూ ఉంది. నలభై ఏళ్ళుగా నాన్న చేతిలో ఉన్న పని, ఆ పిడి మారిన ఏడాదే ఆయన చేయి విడిచి వెళ్ళిపోయింది.

నాన్న మామిడి అంట్లు కట్టే పనివాడు. నూజివీడు నుంచి ఆగిరిపల్లి వెళ్ళే దారిలో ఉన్న ఒక నర్సరీలో చేసేవాడు. తొలకరి పడి టెంకలు మొలకెత్తిన దగ్గర నుంచి వానలు తగ్గేదాకా ఆయనకు తీరిక ఉండేది కాదు. ఇంకా రాగిరంగు వదలని లేత మొక్క తల కోసి, కాండాన్ని నిలువుగా చీల్చి, మంచి కాపు కాసే చెట్టు నుంచి తెచ్చిన పుల్లను రెండు వైపులా ఏటవాలుగా చెక్కి, ఆ చీలికలో దించాలి. పక్కన కూర్చున్న మనిషి వెంటనే దానికి ప్లాస్టిక్ పట్టీ చుట్టాలి. కోత సాపుగా ఉంటే మూడు వారాలు తిరిగేసరికి పుల్ల చిగురు వేస్తుంది. దాన్నే అంటు పట్టింది అంటారు. కోతలో నూలుపోగంత ఎగుడుదిగుడు ఉన్నా లోపలికి గాలి చేరి పుల్ల ఎండిపోతుంది. నాన్న కోసిన అంటు పట్టకపోవడం అరుదు. రెడ్డిగూడెం వైపు తోటల వాళ్ళు రసాల మొక్కలు కావాలన్నా, బంగినపల్లి కావాలన్నా ఆయన కోసిన వరుసలోవే ఏరుకుని పట్టుకెళ్ళేవారు.

నేను పదో తరగతిలో ఉండగా కొత్తగా వచ్చిన టీచరుగారు ఒక్కొక్కరినీ లేపి, మీ నాన్నగారు ఏం చేస్తారని అడిగారు. "అంట్లు కడతారండీ" అన్నాను. పట్నం నుంచి వచ్చిన ఆవిడకు అంట్లంటే వంటింటి గిన్నెలే. "కడుగుతారా?" అన్నారు ఆశ్చర్యంగా. తరగతి మొత్తం గొల్లుమంది. ఇంటికి వచ్చి ఏడుస్తూ చెబితే నాన్న కూడా నవ్వాడు.

"కడతారు, కడుగుతారు. ఎంత తేడా ఉందమ్మా? ఈసారి అడిగితే నర్సరీ అని ఇంగ్లీషులో చెప్పు, ఎవరూ నవ్వరు."

ఆయన దగ్గర ఉన్న అంటు చాకు మడిచే రకం కాదు. లారీ కమాను పట్టీ ముక్కను సాగగొట్టి చేసిన ఉక్కు, దాని తోక లోపలికి దిగిన జామకర్ర పిడి. ఆ పిడి ఎంత పాతదో నాకు తెలియదు కానీ, నాకు ఊహ తెలిసేనాటికే అది నల్లబడి నునుపు తేలి ఉంది. బొటనవేలు ఆనే చోట చింతగింజ పట్టేంత గుంట పడింది. సాయంత్రం ఇంటికి రాగానే నాన్న దాన్ని తుడిచి, పాత పంచె ముక్కలో చుట్టి, అటక మీద పెట్టేవాడు. దాన్ని ముట్టుకోవడానికి నాకు అనుమతి లేదు. కొబ్బరికాయ కొట్టాలన్నా, మామిడికాయ తరగాలన్నా, కరెంటు తీగ మీది తొడుగు చెక్కాలన్నా ఇంట్లో ఆ పనులు అమ్మే చేసేది. నాన్నకు ఇంట్లో పదునైన వస్తువు పట్టుకోవడం ఇష్టం లేదనీ, రోజంతా అదే పని గనుక విసుగనీ నేను అనుకునేదాన్ని.

నర్సరీకి వెళ్ళడానికి కూడా నాకు అనుమతి ఉండేది కాదు. సెలవు రోజుల్లో ఎప్పుడైనా క్యారేజీ పట్టుకుని వెళితే, నీడవల కింద చివరి వరుసలో ఉండే నాన్న నన్ను దూరం నుంచే చూసి లేచి, చేతులు కడుక్కుని ఎదురు వచ్చేవాడు. "నీకిక్కడేం పని? చదువుకోపో" అనేవాడు. చదువు మీద ఆయనకున్న పట్టుదల అలాంటిదని గర్వపడ్డాను. నేను ఇంటర్ చదువుతుండగా అమ్మ జబ్బు చేసి పోయింది. ఆ తర్వాత కూడా నాన్న నా చదువు ఆపలేదు. మా రెండు వైపుల బంధువుల్లోనూ డిగ్రీ పూర్తి చేసిన మొదటి మనిషిని నేనే. వృక్షశాస్త్రం చదివాను. ఇప్పుడు నూజివీడులోనే ఒక జూనియర్ కళాశాలలో ఆ పాఠమే చెబుతున్నాను. నాన్న, నేను ఒకే ఇంట్లో ఉంటున్నాం.

అంటు కట్టే విధానం నా పాఠాల్లో ఒకటి. నల్లబల్ల మీద మొక్క, పుల్ల, చాకు బొమ్మలు గీసి, అంటు చాకుకు పదును ఒక పక్కనే ఉంటుందనీ, రెండో పక్క అద్దంలా చదునుగా ఉండాలనీ, ఆ చదును పక్క పుల్లను ఆనుకుని జారితేనే కోత సాపుగా వస్తుందనీ పిల్లలకు చెబుతాను. పుస్తకంలో బొమ్మ ఎలా ఉంటే అలాగే గీస్తాను. పుస్తకంలో ఆ చాకు కుడి చేతిలో ఉంటుంది.

రెండేళ్ళ క్రితం వేసవిలో చాకు పిడి చీలింది. ముందు భాగంలో మొదలైన పగులు బొటనవేలి గుంట దాకా పాకింది. నాన్న దానికి అంటు కట్టే పట్టీనే గట్టిగా చుట్టి, మరో ఏడాది లాగించవచ్చన్నాడు. చుట్టిన కొద్దీ ఆ పట్టీ జారిపోయేది. పిడిలో ఉక్కు కదులుతుండేది. మామిడికాయల కోతలు అయిపోయి, టెంకలు నాటే రోజులు దగ్గరపడ్డాయి. ఉద్యోగంలో చేరాక నాన్నకు చొక్కా గుడ్డ తప్ప నేనేమీ కొనివ్వలేదు. ఆయనకు నిజంగా పనికివచ్చేది ఒకటి చేయాలనుకున్నాను. ఒకరోజు ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు అటక మీది మూట తీసి నా బ్యాగులో పెట్టుకున్నాను. నేను తీసుకెళ్ళినట్టు ఆయనకు చెప్పలేదు, ఆశ్చర్యపరచాలని.

హనుమాన్ జంక్షన్‌లో హైవే పక్కన లారీలకు కమాన్లు వేసే షెడ్లు వరుసగా ఉంటాయి. ఆ వరుస చివర ఒక పెద్దాయన కొలిమి, సాన మిషను పెట్టుకుని కత్తులు, కొడవళ్ళు చేస్తాడు. పిడి పని ఆయన బాగా చేస్తాడని మా కళాశాల అటెండరు చెప్పాడు. నేను మూట విప్పి చేతికిచ్చాను. ఆయన కళ్ళజోడు నుదుటి మీద నుంచి దించి, చాకును వెలుతురులోకి పట్టి, అటూ ఇటూ తిప్పాడు.

"ఎవరిదమ్మా ఇది? మంచి ఉక్కు. ఎవడో తెలిసినోడు చేశాడు."

"మా నాన్నగారిదండీ. అంట్లు కడతారు. పిడి మార్చాలి."

"మారుద్దాం. టేకు వేసి ఇత్తడి మేకులు కొడతాను. వేళ్ళకి గాళ్ళు కూడా తీసిస్తాను, చెమట పట్టినా జారదు." ఆయన పిడి మీది గుంటలో తన బొటనవేలు పెట్టి చూసి, తీసి, మళ్ళీ చాకును తిప్పాడు. "ఇది పుర్రవాటం చాకు కదమ్మా. పదును కూడా పుర్రగానే ఉంది. ఇలాగే ఉంచమంటారా, మామూలుగా చెయ్యమంటారా?"

పుర్రవాటం అనే మాట నేను అంతకుముందు వినలేదు. మా ఇంట్లో ఆ మాట ఎవరూ అనగా వినలేదు. నేను చదివిన పుస్తకాల్లోనూ చూడలేదు. ఆ పెద్దాయన ముఖంలోని సందేహాన్ని బట్టి, వంకర అనో, లోపం అనో అర్థం చేసుకున్నాను. నేను కూడా చాకు వైపు చూశాను. పుస్తకంలో ఏటవాలు ఉండే పక్క ఇక్కడ చదునుగా ఉంది. చదును ఉండవలసిన పక్క ఏటవాలు ఉంది. ఎవరో చదువురాని కమ్మరి దీన్ని తిరగేసి చేశాడనీ, పాపం నాన్న ఇన్నేళ్ళూ ఆ తప్పుతోనే నెట్టుకొచ్చాడనీ నాకు జాలి కలిగింది. పుర్ర అంటే ఏమిటండీ అని ఒక్క మాట అడగవచ్చు. డిగ్రీ చదివి, పదిమందికి పాఠం చెప్పే మనిషిని, కొలిమి దగ్గర తెలుగు మాటకు అర్థం అడగడానికి నామోషీ పడ్డాను.

"మామూలుగానే చేయండి. తప్పును అలాగే ఉంచడం ఎందుకు?" అన్నాను. అంతటితో ఊరుకోలేదు. ఆయన దగ్గరున్న సుద్దముక్క తీసుకుని ఇనుప బల్ల మీద బొమ్మ గీసి, పదును ఏ పక్క ఉండాలో చూపించాను కూడా.

"మీరు చదువుకున్నోళ్ళు. మీరెలా అంటే అలాగే" అన్నాడాయన.

రెండు రోజుల తర్వాత వెళ్ళి తెచ్చుకున్నాను. టేకు పిడి ఎర్రగా మెరుస్తోంది. మూడు ఇత్తడి మేకులు. నాలుగు వేళ్ళు ఇమిడేలా నాలుగు గాళ్ళు. నేను కుడి చేత్తో పట్టుకుంటే చేయి దానిలో ఒదిగిపోయింది.

ఆ రెండు రోజులూ నాన్న చాకు కోసం ఇల్లంతా వెతికాడు. నన్ను అడిగితే తెలియదన్నాను. మూడో రోజు పొద్దున్నే ఆయన టీ తాగుతుండగా కొత్త గుడ్డలో చుట్టిన చాకును చేతిలో పెట్టాను. గుడ్డ విప్పాడు. చాకును వెలుతురుకు ఎత్తి పదును చూశాడు. గాళ్ళ మీద వేలు నడిపాడు. ఎడమ చేతిలోకి తీసుకోబోయి, నా వైపు చూసి, కుడి చేతిలోకి మార్చుకున్నాడు. ఆ కదలికను నేను అప్పుడు గమనించాను కానీ అర్థం చేసుకోలేదు.

"ఎలా ఉంది నాన్నా?"

"బాగుందమ్మా. ఎంత నున్నగా చేశాడో."

"పదును తిరగేసి ఉందిట. సరిచేయించాను."

"మంచి పని చేశావు" అన్నాడు. "పాత పిడి ఏదమ్మా?"

"కొలిమిలో వేసేసి ఉంటారు. చీలిపోయింది కదా."

ఆయన తల ఊపి, మిగిలిన టీ తాగకుండా గ్లాసు కింద పెట్టి, సైకిల్ తీశాడు.

నర్సరీలో అంట్ల పని మొదలైన రెండో రోజున నాన్న ఎడమ బొటనవేలికి గుడ్డ చుట్టుకుని ఇంటికి వచ్చాడు. తలుపు గొళ్ళెంలో నలిగిందన్నాడు. గుడ్డ విప్పి చూస్తే వేలు మొదట్లో లోతుగా తెగి ఉంది. గొళ్ళెం అంత సూటిగా ఎలా కోసిందని అడిగాను. "తుప్పు పట్టిన రేకమ్మా" అన్నాడు. నేను మందు వేసి కట్టుకట్టాను. ఆసుపత్రికి వెళదామంటే ఇంత దానికా అన్నాడు. నేను కూడా గట్టిగా పట్టుబట్టలేదు. మర్నాడు కళాశాలలో పరీక్షలున్నాయి. గాయం మానింది కానీ ఆ వేలు మళ్ళీ వంగలేదు. కర్రముక్కలా నిలువుగా ఉండిపోయింది. తర్వాత చూసిన డాక్టరుగారు లోపల నరం తెగిందనీ, తెగిన రోజే వచ్చి ఉంటే కుట్టేవారమనీ అన్నారు.

ఆ ఏడాది నాన్న కోసిన అంట్లు పట్టలేదు. ఒకటీ అరా కాదు, వరుసలకు వరుసలు ఎండిపోయాయి. వానలు సగంలో ఉండగానే ఆయన ఇంటికి వచ్చి, ఇక కోత పని చేయనని చెప్పాడు.

"కళ్ళు ఆనట్లేదమ్మా. పుల్ల మీద చిగురు కన్ను కనబడట్లేదు. మొక్కలకి నీళ్ళు పెట్టే పని ఇస్తామన్నారు. అది చాల్లే."

నేను ఆయనను కళ్ళ డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళాను. ఆయన వయసుకు చూపు చాలా బాగుందని చెప్పి, చదవడానికని చిన్న అద్దాలు రాసిచ్చారు. చదువురాని నాన్న, నేను కొనిచ్చిన ఆ కళ్ళజోడు పెట్టుకుని, పైపు పట్టుకుని మొక్కలకు నీళ్ళు పెట్టేవాడు. నేను అడిగితే, ఇప్పుడు బాగా కనబడుతోందమ్మా అనేవాడు. మరి మళ్ళీ కోత పని చేయవచ్చు కదా అంటే, ఇక ఓపిక లేదనేవాడు. వయసు మీద పడిందనుకున్నాను.

నాన్న పక్కన కూర్చుని ఇరవై ఏళ్ళుగా పట్టీలు చుట్టిన మనిషి ఒకావిడ ఉంది. నాకు వరసకు పిన్ని. కిందటేడు వేసవిలో ఒకసారి నాన్న అన్నం క్యారేజీ మరిచిపోతే నేను తీసుకుని నర్సరీకి వెళ్ళాను. నాన్న దూరాన బావి దగ్గర ఉన్నాడు. పిన్ని నీడవల కింద మరో పనివాడితో కూర్చుని పట్టీలు కత్తిరిస్తోంది.

"అబ్బో, టీచరమ్మగారు వేంచేశారు. పీట వెయ్యండ్రా" అని నవ్వింది. నేను పక్కన కూర్చున్నాను. మాటల్లో నాన్న కళ్ళ సంగతి ఎత్తాను. అద్దాలు మార్పించాలేమో అన్నాను.

"కళ్ళేంటే?"

"చూపు ఆనడం లేదని కదా పిన్నీ పని మానేశాడు."

పిన్ని కత్తెర ఆపింది. "మొన్న నా టీ గ్లాసులో చీమ ఉందని అంత దూరం నుంచి కేకేసింది ఎవరనుకున్నావ్? కళ్ళంట, కళ్ళు. మరి చాకు పాడైపోతే ఏం చేస్తాడు?"

"చాకు పాడవడమేమిటి? నేనే బాగుచేయించాను."

ఆవిడ నా ముఖంలోకి చూసింది. ఆ చూపు నేను మరిచిపోలేను. నేను పరిహాసం చేస్తున్నానేమో అన్నట్టు ముందు చూసి, కాదని తెలిసి నెమ్మదిగా ముఖం మార్చుకుంది.

"నువ్వా చేయించింది? ఎవడో షాపువాడు పాడుచేశాడని చెప్పాడే! మీ నాన్నది పుర్రచెయ్యి కదే. ఎడం చెయ్యి. నీకు తెలీదా?"

నేను తల అడ్డంగా ఊపాను.

"ఓసి పిచ్చిదానా. ఇరవై ఏళ్ళు ఆయన ఎడం పక్కన కాకుండా కుడి పక్కన కూర్చుని కట్టాను నేను, మోచెయ్యి తగులుతుందని. తోటలోళ్ళు మొక్కలకొస్తే, 'మేస్త్రి టీకెళ్ళాడండీ' అని అబద్ధాలాడేదాన్ని. ఎడంచేత్తో కట్టిన అంటు కాపుకు రాదంటారు కదా మనోళ్ళు. అందుకే షావుకారు ఈ చివర్న కూర్చోబెట్టాడు." ఆవిడ గొంతు తగ్గించింది. "ఆ కొత్త చాకు ఎడం చేత్తో పడితే పుల్లలోకి దిగిపోతంది. ఆ గాళ్ళేమో ఎడం వేళ్ళకి కుదరవు. ఎన్ని చెప్పినా వినకుండా కుడిచేత్తో నేర్చుకుంటానన్నాడు. వేరే చాకు తెచ్చుకో బావా అంటే, ఇంటికెళితే పిల్ల అడుగుద్దన్నాడు, ఎందుకో నాకిప్పుడు తెలిసింది. రెండో రోజే బొటనవేలు తెగ్గోసుకున్నాడు. నేనే గుడ్డ చుట్టాను."

పుర్ర అనే మాటకు అర్థం నాకు అలా తెలిసింది. క్యారేజీ ఆవిడ దగ్గర పెట్టి, నాన్నను కలవకుండానే వచ్చేశాను.

ఆ శనివారం హనుమాన్ జంక్షన్ వెళ్ళాను. పెద్దాయన నన్ను గుర్తుపట్టాడు. నేను చెప్పినది విని, సాన మిషను ఆపి, నెత్తి మీది తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు.

"నేనడిగాను కదమ్మా."

"అడిగారండీ."

"సుద్దతో బొమ్మ కూడా గీశారు మీరు. నాదే బుద్ధి తక్కువ, ఆయనకి ఫోను చేసుంటే పోయేది."

ఆయన తప్పు ఏమీ లేదని చెప్పాను. పాత పిడి కోసం బొగ్గుల గుట్ట పక్కనున్న చెక్కముక్కలన్నీ నా ముందే తిరగేశాడు. దొరకలేదు. అరిగిన ఉక్కును మళ్ళీ తిప్పడం కుదరదనీ, మిగిలేది ఏమీ ఉండదనీ చెప్పాడు. కమాను పట్టీ ముక్కతో కొత్తది చేస్తానన్నాడు. ఈసారి ఎడమ చేతికి, జామకర్ర పిడితో, గాళ్ళు లేకుండా. నేను అక్కడే కూర్చుని, ప్రతి మెట్టులోనూ ఇది ఎడమేనా అని అడుగుతూ చేయించుకున్నాను. ఎన్నిసార్లు అడిగినా ఆయన కోప్పడలేదు. "ఎడమేనమ్మా" అని పిల్లలకు చెప్పినట్టు చెప్పాడు.

ఆదివారం మధ్యాహ్నం నాన్న అన్నం తిన్నాక చాకు ఆయన ముందు పెట్టాను. ఏమీ చెప్పనవసరం లేకపోయింది. పదును ఏ పక్క ఉందో చూడగానే ఆయనకు అర్థమైంది. వాకిట్లో మామిడి మొక్క నుంచి ఒక పుల్ల విరిచి తెచ్చి ఇచ్చాను.

ఆయన ఎడమ చేత్తో చాకు తీసుకున్నాడు. నాలుగు వేళ్ళూ పిడి చుట్టూ మూసుకున్నాయి. బొటనవేలు మాత్రం గాలిలో నిలువుగా ఉండిపోయింది. దాన్ని కుడి చేత్తో వంచి పిడి మీద ఆనించబోయాడు. వదలగానే లేచిపోయింది. మళ్ళీ వంచాడు. అలా మూడుసార్లు చేశాక, పుల్లను, చాకును పక్కపక్కన నేల మీద పెట్టాడు.

"ఆ రోజే ఎందుకు చెప్పలేదు నాన్నా? చాకు చేతికి ఇవ్వగానే చెబితే..."

"ఎంత సంబరంగా తెచ్చావో! ఏం చెప్పను?"

"నీది ఎడమ చెయ్యని కూడా ఎప్పుడూ చెప్పలేదు."

ఆయన ఎడమ చేతి మణికట్టు మీది పాత మచ్చను రుద్దుకున్నాడు. చిన్నప్పుడు గంజి ఒలికిందని నాకు చెప్పిన మచ్చ. "ఇది గంజి కాదమ్మా. మా నాయన పెట్టిన వాత. ఎడంచేత్తో ముద్ద తీశానని అట్లకాడ కాల్చి పెట్టాడు. తిండి మార్చగలిగాడు కానీ పని మార్చలేకపోయాడు." కొంచెం ఆగి అన్నాడు. "నువ్వూ అంతే తల్లీ. పాకే రోజుల్లో ఏదిచ్చినా ఎడం చెయ్యే చాపేదానివి. మీ అమ్మ భయపడిపోయింది. ఆడపిల్ల, రేపు పదిమందిలో ఎలాగని. నేను దెబ్బ వెయ్యనివ్వలేదు. కొట్టకుండానే మాన్పిద్దాం, దాని ఎదట నేనూ ఎడం చెయ్యి తియ్యను, చూసి నేర్చుకోవడానికి ఉండదు అన్నాను. ఏడాది తిరిగేసరికి మారిపోయావు. నీకు దెబ్బ తగల్లేదు. అదే చాలనుకున్నాం."

"నేను పెద్దయ్యాక చెప్పవచ్చు కదా."

"అప్పటికి నాకదే అలవాటైపోయింది. నిన్ను చూడగానే ఆ చెయ్యి దానంతటదే ఆగిపోయేది."

నేను నా ఎడమ చేతి వైపు చూసుకున్నాను. నాకు ఏ జ్ఞాపకమూ రాలేదు. అది ఎప్పుడో నాకు తెలియని రోజుల్లో, ఒక్క దెబ్బ కూడా లేకుండా పూర్తయిన పని. నాన్న కట్టిన అంట్లలాగే అతుకు ఎక్కడుందో కనబడకుండా పట్టింది. నేను ఏడుస్తుంటే ఆయన లేచి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. నా ఏడుపు తగ్గాక కింద ఉన్న చాకును ఎత్తి, పదును ఒకసారి కనురెప్పల దగ్గరకు తెచ్చి చూశాడు.

"మంచి చాకు. ఊరికే పెడితే తుప్పు పడుద్ది. ఎవరైనా పుర్రచేతోడు ఉంటే ఇచ్చెయ్యి. కోతగాళ్ళలో ఎవడో ఒకడు ఉంటాడు."

ఆ వర్షాకాలం ఐదారు ఆదివారాలు నేను స్కూటీ మీద తిరిగాను. ఆగిరిపల్లి దారిలో ఉన్న నర్సరీలన్నీ అయ్యాక రెడ్డిగూడెం దాకా వెళ్ళాను. ప్రతి చోటా పేరు, ఊరు చెప్పి, మీ దగ్గర ఎడమ చేతి వాటం ఉన్న కోతగాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగాను. ఏదో అంటురోగం గురించి అడిగినట్టు చూశారు. "మా దగ్గర అలాంటోళ్ళు లేరండీ. అందరూ మంచోళ్ళే" అన్నాడు ఒక యజమాని. ఇంకొకచోట పనివాళ్ళు ఒకరినొకరు చూపించి, వీడే, కాదు వీడేనని ఎగతాళి చేసుకున్నారు. చివరకు ఎవరూ ఒప్పుకోలేదు. రెడ్డిగూడెం దగ్గర ఒక నర్సరీలో, నేను నీడవల ఎత్తి లోపలికి అడుగుపెట్టగానే, చివరి వరుసలో ఉన్న నడివయసు మనిషి చేతిలోని చాకును మొక్కల మధ్యకు జారవిడిచి లేచి నిలబడ్డాడు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"ఏం కావాలండీ?"

నేను అడగవలసినది అడిగాను.

"లేరండీ" అన్నాడు. నేల మీది మొక్కలవైపే చూస్తున్నాడు. నా బ్యాగులోంచి చాకు తీసి చూపించి, ఊరికే ఇస్తానని చెప్పాను. ఆయన దానివైపు చూశాడు. ఒక్క క్షణం ఆయన కళ్ళు పదును వెంట నడిచాయి. ఏటవాలు ఏ పక్క ఉందో పోల్చుకున్నాయి. పక్క వరుసలో ఎవరో దగ్గారు.

"మాకొద్దండీ. అలాంటోళ్ళు లేరిక్కడ."

నేను ఇంకోసారి అడగలేదు. నేను అక్కడ నిలబడి ఉన్నంతసేపూ ఆయన పని ఆగిపోయి ఉంటుందని తెలిసి, తొందరగా బయటకు వచ్చేశాను.

ఇంటికి చేరేసరికి నాన్న వాకిట్లో కూర్చుని ఉన్నాడు.

"దొరికాడా?"

"ఎవరూ లేరుట నాన్నా."

"ఉంటారమ్మా" అన్నాడు. "చెప్పరంతే."